25 హెచ్‌పీ తీసి 30 హెచ్‌పీ మోటారు పెట్టినా బోటు వేగం తగ్గింది, ఏం సరిచేయాలి?

జాలారిపేట_ఫైబర్
మాది 22 అడుగుల ఫైబర్ బోటు. విశాఖపట్నం పెద జాలారిపేట ఒడ్డు నుంచి కోనం, సూర చేపల కోసం గాలాల వేటకు వెళ్తాము. బోటులో నలుగురం ఉంటాము. రెండు ఐసు పెట్టెలు, రెండు పెట్రోలు ట్యాంకులు ఉంటాయి. తొమ్మిదేళ్లు నమ్మకంగా పనిచేసిన 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, ఈ ఏడాది జూన్ 14తో వేట నిషేధం ముగిసిన కొద్ది వారాలకే పిస్టన్ పట్టేసి నడిసముద్రంలో ఆగిపోయింది. కొన్నాళ్లు బావగారి బోటులో వేటకు వెళ్లి, చివరికి అప్పు చేసి 30 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మోటారు కొన్నాను. అయిదు హెచ్‌పీ పెరిగింది కాబట్టి వేగమూ పెరుగుతుందని, తెల్లవారుజామున హార్బర్‌లో వేలం మొదలయ్యే సమయానికి హడావిడి లేకుండా చేరుకోవచ్చని ఆశపడ్డాను.

జరిగింది వేరు. పాత మోటారుతో మార్చి నెలలో భీమిలి వైపు వెళ్తున్నప్పుడు ఫోన్‌లో జీపీఎస్ 13 నాట్లు (గంటకు సుమారు 24 కిలోమీటర్లు) చూపేది. కొత్త మోటారుతో ఇప్పుడు, నవంబరులో, అదే దారిలో యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా 10.5 దాటడం లేదు. రన్నింగ్ ఇన్ గంటలు, అంటే కొత్త మోటారును మెల్లగా అలవాటు చేసే గంటలు, పుస్తకంలో చెప్పిన ప్రకారమే పూర్తి చేశాను. అమ్మిన దుకాణంలో అడిగితే, ఫోర్ స్ట్రోక్ అంటే అంతే ఉంటుందని చెప్పి పంపించారు. ఇంత అప్పు చేసి వేగం తగ్గించుకున్నానని ఇంట్లో చెప్పడానికి కష్టంగా ఉంది. దీనిలో ఏదైనా సరిచేయగలిగేది ఉందా?

భీమిలి_గాలం
ఫోర్ స్ట్రోక్ అంటే అంతే అన్న మాట సరికాదు. మా వీధిలోనే మూడు బోట్లు టూ స్ట్రోక్ నుంచి ఫోర్ స్ట్రోక్‌కు మారాయి. వాటిలో రెండింటి వేగం తగ్గలేదు. మూడోదానికి తగ్గింది, కానీ కారణం మోటారు కాదు. పెట్రోలు ట్యాంకు మూతపై గాలి వెళ్లే చిన్న స్క్రూను వదులు చేయడం మరిచిపోయేవారు. పది నిమిషాలు బాగా నడిచి, తరువాత పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే ప్రైమర్ బల్బు చదునుగా అతుక్కుపోయి, మోటారు నీరసించేది. ముందు అది చూడండి.

జాలారిపేట_ఫైబర్
చూశాను. స్క్రూ తెరిచే ఉంటోంది, బల్బు గట్టిగానే ఉంది. మొదటి నిమిషం నుంచీ వేగం ఇంతే, మధ్యలో తగ్గడం లేదు.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
ముప్పై ఏళ్లుగా ఈ తీరంలో మోటార్లు విప్పుతున్నాను కాబట్టి తమ్ముడిని నాలుగు ప్రశ్నలు అడుగుతాను. వీటికి జవాబు లేకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది చీకట్లో వల వేయడమే అవుతుంది. పూర్తి యాక్సిలరేటర్‌లో మోటారు ఎన్ని ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు, తిరుగుతోంది? ప్రొపెల్లర్ మీద చెక్కి ఉన్న వ్యాసం, పిచ్ (ఒక చుట్టులో ముందుకు పోవలసిన అంగుళాలు) అంకెలు ఎంత? మోటారు షార్ట్ షాఫ్టా, లాంగ్ షాఫ్టా? బోటు వెనుక పలక, అంటే మోటారు బిగించే ట్రాన్సమ్, పై అంచు నుంచి అడుగు వరకు ఎన్ని అంగుళాల ఎత్తు ఉంది?

జాలారిపేట_ఫైబర్
ఆర్‌పీఎం మీటరు లేదు. పిచ్ 13 అని ఉంది. పాత మోటారు షార్ట్ షాఫ్ట్. కొత్తది లాంగ్ షాఫ్ట్, ఎందుకంటే ఆ వారం దుకాణంలో అదొక్కటే ఉంది, రెండింటికీ పెద్ద తేడా ఉండదని చెప్పారు. ట్రాన్సమ్ ఇప్పుడే టేపుతో కొలిచాను, పదిహేనున్నర అంగుళాలు.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
సగం జవాబు ఇక్కడే దొరికింది. షార్ట్ షాఫ్ట్ మోటారు 15 అంగుళాల ట్రాన్సమ్ కోసం, లాంగ్ షాఫ్ట్ 20 అంగుళాల ట్రాన్సమ్ కోసం తయారవుతాయి. మీ పలక పదిహేనున్నర. అంటే మీ కొత్త మోటారు కాలు, ఉండవలసిన దానికంటే నాలుగున్నర అంగుళాలు ఎక్కువ లోతున నీటిని చీల్చుకుంటూ వస్తోంది. ప్రొపెల్లర్‌కు పైన అడ్డంగా ఉండే పలుచని రేకును మనవాళ్లు కావిటేషన్ ప్లేటు అంటారు. అది బోటు అడుగుకు సమంగా గానీ, ఒక అంగుళం పైకి గానీ ఉండాలి. మీది అడుగు కంటే బాగా కిందికి దిగిపోయి ఉంటుంది. అంత ఇనుమును నీటిలో ఈడ్చుకుంటూ పోతే అయిదు హెచ్‌పీ పెరిగిన లాభం దానికే సరిపోతుంది.

ఒడ్డు మీద ఉన్నప్పుడు ఒక పొడవాటి చెక్కను బోటు అడుగుకు ఆనించి వెనక్కి పట్టుకోండి. ఆ గీతకు ప్లేటు ఎంత కింద ఉందో కొలిచి ఇక్కడ చెప్పండి.

నీటిగీత
నేను నౌకా నిర్మాణం చదువుకున్నాను. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ బోటు నీటిని చీల్చుకుంటూ పోయేదా, నీటి మీదికి లేచి పరుగెత్తేదా? నీటిని చీల్చుకుంటూ పోయే బోటుకు ఒక సహజ పరిమితి ఉంటుంది. నీటి మట్టం దగ్గర బోటు పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. 22 అడుగుల బోటుకు నీటి మట్టం దగ్గర 20 అడుగులు ఉంటుందనుకుంటే, అది దాదాపు 6 నాట్లు. ఆ తరువాత బోటు తాను పుట్టించిన అల వెనుక పడి, ముక్కు పైకెత్తి, ఎంత శక్తి ఇచ్చినా కొద్దికొద్దిగానే ముందుకు సాగుతుంది. కాబట్టి మోటారు మార్చడంతో వేగం పెరగాలన్న ఆశే కొన్ని బోట్ల విషయంలో తప్పు కావచ్చు.

పూడిమడక_వల
నీటిగీత గారి సూత్రం పాత చెక్క నావలకు వర్తిస్తుంది. మన ఫైబర్ బోట్లలో చాలావాటికి వెనుక సగంలో అడుగుభాగం చదునుగా ఉంటుంది. బరువు లేనప్పుడు అవి నీటి మీదికి లేస్తాయి. ఆయన బోటే 13 నాట్లు వెళ్లిందని చెబుతున్నారు కదా, 6 నాట్లకు రెట్టింపు కంటే ఎక్కువ. అంటే లేచే బోటే.

నీటిగీత
అంగీకరిస్తున్నాను. 10.5 నాట్లు అన్నా కూడా సూత్రం దాటిన వేగమే. అయితే అది పూర్తిగా లేవకుండా సగం లేచి ఆగిపోతున్న స్థితి అనిపిస్తోంది. ఆ స్థితిలో బోటు అత్యధికంగా శక్తిని మింగుతుంది. అక్కడే బరువు ఎక్కడ పెట్టామన్నది ముఖ్యమవుతుంది. పాత మోటారు బరువెంత, కొత్తది ఎంత?

జాలారిపేట_ఫైబర్
పాతది 50 కిలోల పైచిలుకు. కొత్తది 75 కిలోలకు దగ్గరగా ఉంది. ఇద్దరం మోయలేక మూడో మనిషిని పిలిచాము. మేస్త్రి గారు చెప్పినట్టు చెక్క పెట్టి కొలిచాను. ప్లేటు అడుగు కంటే నాలుగంగుళాల పైగా కిందనే ఉంది.

నీటిగీత
వెనుక చివరన పాతిక కిలోలు పెరిగాయన్నమాట. పెట్రోలు ట్యాంకులు, ఐసు పెట్టెలు ఎక్కడ ఉంటాయి?

జాలారిపేట_ఫైబర్
పెట్రోలు ట్యాంకులు రెండూ మోటారు పక్కనే. ఐసు పెట్టెలు మధ్యలో, కొంచెం వెనక్కి. మోటారు నడిపే మనిషితో పాటు గాలాలు సర్దే మనిషి కూడా వెనకే కూర్చుంటాడు.

ఉప్పుగాలి
అయితే 75 కిలోల మోటారు, దాదాపు 40 కిలోల పెట్రోలు, ఇద్దరు మనుషులు, అందరూ చివరి నాలుగడుగుల్లోనే ఉన్నారు. ముక్కు ఆకాశం వైపు చూడక ఏం చేస్తుంది? ఒక ట్యాంకును పొడవైన మంచి గొట్టంతో ముందుకు జరపండి. నేను అలా చేసిన రోజే తేడా తెలిసింది.

రుషికొండ_రైడ్
గొట్టం పొడవు పెంచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పాత రబ్బరు గొట్టం వాడకండి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రకం రబ్బరు దానికి ఉబ్బి, లోపల పొరలుగా ఊడిపోతుంది. మా పర్యాటక బోటులో ఆ తునకలు కార్బురేటర్‌లోకి చేరి ఒక ఆదివారం పూర్తిగా పోయింది. ఇంకొక విషయం, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వేట నిషేధం రెండు నెలలూ ట్యాంకులో మిగిలిన పెట్రోలును జూన్‌లో నేరుగా మోటారుకు ఇవ్వకండి. నీటిని వేరు చేసే ఫిల్టరు ఒకటి దారిలో బిగించుకుంటే నిశ్చింతగా ఉంటుంది.

యారాడ_కొండ
ఇన్ని మార్పులు ఎందుకు? చాలా కంపెనీల్లో 25, 30 ఒకే బ్లాకు మీద వస్తాయి. 9.9, 15 కూడా అంతే. కార్బురేటరో, గాలి వెళ్లే దారిలో పెట్టిన అడ్డో మారుస్తే పెద్ద మోటారు శక్తి వచ్చేస్తుంది. నా 9.9కి అలా చేయించాను, మంచి వేగం వచ్చింది.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
యారాడ వారి మాట 9.9 విషయంలో నిజమే, అలాంటి మోటార్లు ఉన్నాయి. కానీ ఇక్కడ దానికి చోటు లేదు. ఈయన దగ్గర ఉన్నది ఆ కుటుంబంలో పెద్దది, 30. దానిలో తీసివేయడానికి అడ్డేమీ లేదు. ఉన్నా నేను చేయను. వారంటీ పోతుంది. మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ పత్రంలో మోటారు వివరాలు ఉంటాయి. రేపు ప్రమాదమో, పరిహారమో అన్నప్పుడు పత్రంలో ఒకటి, పలక మీద ఒకటి ఉంటే బాధపడేది బోటు యజమానే. మోటారు మార్చిన సంగతి అసలు నమోదు చేయించారా అని కూడా అడగాలనుకున్నాను.

జాలారిపేట_ఫైబర్
ఇంకా చేయించలేదు. ఈ వారంలో వెళ్తాను.

యారాడ_కొండ
వారంటీ మాట నేను ఆలోచించలేదు, నాది పాత మోటారు. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

హార్బర్_లెక్కలు
పై సందేశాలన్నీ చదివాను. ఒక విషయం ఎవరూ అడగలేదు. 13 నాట్లు మార్చిలో భీమిలి వైపు కొలిచినది. 10.5 నాట్లు నవంబరులో అదే వైపు కొలిచినది. జీపీఎస్ చూపేది నేల మీద వేగం, నీటి మీద వేగం కాదు. మన తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిక్కు మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరానికి, అంటే భీమిలి, కళింగపట్నం వైపు నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి, పూడిమడక వైపు నడుస్తుంది. బలంగా ఉన్న రోజుల్లో అది ఒకటి రెండు నాట్లు ఉండవచ్చు. మార్చిలో సముద్రం మీ బోటును వెనక నుంచి నెట్టింది, నవంబరులో ఎదురొస్తోంది. మోటారు ఏ తప్పూ చేయకపోయినా ఈ రెండు అంకెల మధ్య తేడా రావచ్చు.

సరైన పద్ధతి ఇది. ఒకే రోజు, ఒకే బరువుతో, ఒక కిలోమీటరు దూరం ఉత్తరానికి, వెంటనే అదే దూరం దక్షిణానికి పూర్తి యాక్సిలరేటర్‌తో నడపండి. రెండు వేగాలను కూడి సగం చేయండి. ప్రవాహం, గాలి చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) వారు రోజూ ఇచ్చే సముద్ర స్థితి సూచనల్లో ప్రవాహం దిక్కు, వేగం కూడా ఉంటాయి. చేపల జాడ కోసం చూసేవాళ్లం దాన్ని కూడా ఒకసారి చూసుకోవచ్చు.

పూడిమడక_వల
ఇది మా ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలిసిన సంగతే. కార్తీకంలో వల వేస్తే కింది వైపుకు, ఎండాకాలంలో పై వైపుకు కొట్టుకుపోతుంది. కానీ మోటారు వేగం కొలిచేటప్పుడు నాకు కూడా ఎప్పుడూ గుర్తు రాలేదు.

జాలారిపేట_ఫైబర్
హార్బర్_లెక్కలు గారి సందేశం చదివి ఈ ఉదయం అలాగే చేశాను. ఉత్తరానికి 10.4, దక్షిణానికి 12.4. సగటు 11.4. అంటే ఒక నాటు సముద్రానిదే. పాత మోటారు కూడా నిజానికి 13 వెళ్లలేదేమో, 12 ఉండి ఉంటుంది. మనసు కొంత తేలికపడింది గానీ, 30 హెచ్‌పీకి 11.4 తక్కువే కదా.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
తక్కువే. ఇప్పుడు ఆర్‌పీఎం తెలుసుకోవాలి. పెద్ద మీటరు అవసరం లేదు. స్పార్క్ ప్లగ్ వైరు చుట్టూ తీగ చుట్టి పెట్టే చిన్న డిజిటల్ టాకోమీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. దానిలో మీ మోటారు రకానికి తగిన అమరిక ఎంచుకోవాలి, లేకపోతే అంకె రెట్టింపో సగమో చూపుతుంది.

ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. మోటారు మీద 30 అని రాసి ఉన్నంత మాత్రాన ఎప్పుడూ 30 రాదు. మీ పుస్తకంలో పూర్తి యాక్సిలరేటర్ దగ్గర ఇంత నుంచి ఇంత ఆర్‌పీఎం అని ఉంటుంది, ఈ సైజు ఫోర్ స్ట్రోక్‌లకు సాధారణంగా 5000 నుంచి 6000. ఆ మధ్యలో తిరిగితేనే ఆ 30. ప్రొపెల్లర్ బరువెక్కువై మోటారు 4600 దగ్గరే ఆగిపోతే, మీరు కొన్న 30లో కొంత భాగం మీకు అందనే లేదు. పాత టూ స్ట్రోక్ తక్కువ ఆర్‌పీఎంలోనే గట్టిగా లాగి ఉంటుంది. అందుకే పోల్చి చూసినప్పుడు కొత్తది నీరసంగా అనిపిస్తోంది. టాప్ గేరులో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సును ఊహించుకోండి.

ఉప్పుగాలి
ఒక్క నిమిషం ఆగి ఇంకో చిన్న విషయం కూడా చూడండి. కొత్త మోటారు బిగించినప్పుడు యాక్సిలరేటర్ కేబులు సరిగా సర్దకపోతే, చేతిపిడి చివరిదాకా తిరిగినా లోపల కార్బురేటర్ తలుపు పూర్తిగా తెరుచుకోదు. మోటారు ఆపి, మూత తీసి, ఒకరు పిడి తిప్పుతుంటే మరొకరు లోపల చూస్తే తెలిసిపోతుంది. మా అన్నయ్య బోటుకు ఆరు నెలలు ఇదే కారణంగా వేగం తక్కువ వచ్చింది.

జాలారిపేట_ఫైబర్
కేబులు చూశాను, పూర్తిగా తెరుచుకుంటోంది. టాకోమీటరు తెచ్చి పెట్టాను. పుస్తకంలో 5000 నుంచి 6000 అని ఉంది. నా మోటారు ఇద్దరు మనుషులతో ఖాళీగా వెళ్తే 4700, నలుగురితో ఐసు నింపుకుని వెళ్తే 4350 తిరుగుతోంది.

నీటిగీత
లెక్క వేసి చూద్దాం. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేరు నిష్పత్తితో (ప్రొపెల్లర్ ఒక చుట్టుకు మోటారు తిరిగే చుట్లతో) భాగించి, మళ్లీ 1215తో భాగిస్తే, ప్రొపెల్లర్ అసలు జారకుండా ఉంటే బోటు వెళ్లవలసిన వేగం నాట్లలో వస్తుంది. మీ గేరు నిష్పత్తి 2.08 అనుకుందాం, ఈ తరగతిలో చాలావాటికి ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. 4700ను 13తో గుణించి భాగిస్తే 24 నాట్ల పైచిలుకు వస్తుంది. మీకు వస్తున్నది 11.4. అంటే ప్రొపెల్లర్ సగానికి పైగా జారుతోంది. తేలికగా లేచి పరుగెత్తే బోటుకు జారుడు ఇరవై శాతం లోపే ఉంటుంది. బరువు మోసే పని బోటుకు ఎక్కువే ఉంటుంది, కానీ ఇది మరీ ఎక్కువ. 13 పిచ్ తేలికపాటి విహార బోటుకు పెట్టేది. దుకాణంలో పెట్టెలో వచ్చినదాన్నే మీకు బిగించినట్టున్నారు.

రుషికొండ_రైడ్
పిచ్ అంటే ఏమిటో కొత్తవారి కోసం ఒక వాక్యం: ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే మెత్తని పదార్థంలో స్క్రూలాగా ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో అది పిచ్. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 150 నుంచి 200 పెరుగుతుంది.

పూడిమడక_వల
వేగం కావాలంటే పిచ్ పెంచాలి అని కదా మేమంతా అనుకునేది? మా ఊళ్లో ఒకాయన అలా పెంచి వేగం తెచ్చుకున్నాడు.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
ఆయన మోటారు అప్పటికే పరిమితి దాటి తిరుగుతూ ఉండి ఉంటుంది. అలాంటి దానికి పిచ్ పెంచాలి. పరిమితి అందుకోలేక ఆయాసపడుతున్న మోటారుకు పిచ్ పెంచితే వేగం ఇంకా పడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం, తక్కువ ఆర్‌పీఎం దగ్గర పూర్తి యాక్సిలరేటర్‌తో గంటల తరబడి నడిస్తే మోటారు లోపల వేడెక్కి, పిస్టన్ మీద బొగ్గు పేరుకుని, ఆయుష్షు తగ్గుతుంది. తమ్ముడి పాత మోటారు పిస్టన్ పట్టేయడం వెనుక కూడా అలాంటిదేమైనా ఉందేమోనని నాకు అనుమానం.

నా సలహా: 11 పిచ్ పెట్టండి.

హార్బర్_లెక్కలు
నేను మేస్త్రి గారితో పూర్తిగా ఏకీభవించడం లేదు. 11 పెడితే ఖాళీ బోటుకు సరిపోతుంది. కానీ ఆయన ఖాళీగా ఎప్పుడు వెళ్తారు? వెళ్లేటప్పుడు ఐసు, వచ్చేటప్పుడు చేపలు. నింపిన బోటు మీద ఆర్‌పీఎం 5000 పైన ఉండాలి కాబట్టి 10 పిచ్ చూడాలి.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
10 పెడితే ఖాళీగా వెళ్లేటప్పుడు 6000 దాటే ప్రమాదం ఉంది. అయినా ఇది వాదించి తేల్చే విషయం కాదు. రెండూ అరువు తెచ్చి పెట్టి చూడటమే మార్గం. నా దగ్గర వాడిన 11 అల్యూమినియం ప్రొపెల్లర్ ఉంది, ఇస్తాను. 10 ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.

భీమిలి_గాలం
నా దగ్గర 10 ఉంది. ఒక రెక్క అంచు కొంచెం వంగింది, సరి చేయించాను. తీసుకెళ్లవచ్చు.

జాలారిపేట_ఫైబర్
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందుగా మోటారును పైకి ఎత్తే పని చేస్తాను. ట్రాన్సమ్ మీద నాలుగున్నర అంగుళాల చెక్క దిమ్మె పెట్టి బిగించమంటారా?

ఉప్పుగాలి
వద్దు. ఒక చెక్క దిమ్మె పెట్టి పైన బిగింపు స్క్రూలతో ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండేళ్ల క్రితం డాల్ఫిన్స్ నోస్ దాటిన తరువాత పెద్ద అల తగిలి, మా మోటారు దిమ్మెతో సహా ఊడి నీటిలో పడింది. పెట్రోలు గొట్టమే దాన్ని కొన్ని క్షణాలు పట్టుకుంది, తరువాత అదీ తెగిపోయింది. ఆ రోజు మమ్మల్ని వేరే బోటు లాక్కొచ్చింది. దిమ్మె పెట్టాలనుకుంటే అది ట్రాన్సమ్ లోపలి వైపు కిందిదాకా దిగి, ఆరుపారు (ఇవతలి నుంచి అవతలికి దూసుకెళ్లే) బోల్టులతో, వెనుక వెడల్పాటి స్టీలు పలకలతో బిగించాలి. మోటారు బ్రాకెట్‌కు ఇచ్చిన రంధ్రాల గుండా కూడా బోల్టులు వేయాలి. దానికి తోడు ఒక స్టీలు గొలుసు మోటారు నుంచి బోటుకు ఉండాలి.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
ఉప్పుగాలి చెప్పిన ప్రతి మాటా పాటించండి. రంధ్రాలు వేసినప్పుడు ఫైబర్ లోపలి చెక్క కనబడుతుంది. అక్కడ సీలెంటు నింపకపోతే ఉప్పునీరు లోపలికి ఇంకి, రెండేళ్లలో ట్రాన్సమ్ మెత్తబడుతుంది.

ఎత్తు విషయంలో నాలుగున్నర పూర్తిగా ఎత్తకండి. చెరువులో అయితే ఎత్తవచ్చు. మన సముద్రంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలల మీద బోటు వెనుక భాగం లేచినప్పుడు ప్రొపెల్లర్ గాలిని పీల్చుతుంది. మోటారు ఒక్కసారిగా కేక పెట్టి, బోటు ఆగిపోయినట్టవుతుంది. నీటిని పీల్చే రంధ్రాలు కూడా బయటపడితే చల్లదనం ఆగుతుంది. మూడు, మూడున్నర అంగుళాలు ఎత్తండి. ఎత్తిన తరువాత వెనుక నుంచి చిమ్మే నీటి ధార ఎప్పటిలాగే బలంగా వస్తోందో లేదో ప్రతి మలుపులోనూ చూసుకోండి. ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇసుకలో కాలు తగలడం కూడా తగ్గుతుంది.

పూడిమడక_వల
ఇంకొకటి. ఒడ్డు మీద బోటును దుంగల మీద ఎలా నిలబెడుతున్నారు? దుంగ ట్రాన్సమ్‌కు రెండు మూడడుగుల ముందు పడితే, ఏళ్ల తరబడి అక్కడ అడుగు లోపలికి నొక్కుకుపోతుంది. మా బోటుకు అలాగే అయింది. ఆ గుంట వెనుక అంచు నీటిని కిందికి తోసి, బోటు ముక్కును నీటిలోకి దించేసేది. చెక్క అంచు పెట్టి చూస్తే వెలుతురు కనిపిస్తుంది. ఫైబర్ వేసి సమం చేయించాక బోటు మళ్లీ తేలికగా లేచింది.

జాలారిపేట_ఫైబర్
చూశాను. చాలా స్వల్పంగా, గోరు మందం గుంట ఉంది. వచ్చే వేట నిషేధంలో దాన్ని సమం చేయిస్తాను.

రుషికొండ_రైడ్
మోటారు వాలును మార్చే ట్రిమ్ పిన్ను సంగతి మరిచిపోయారు. మోటారు బ్రాకెట్ మీద అయిదారు రంధ్రాలు ఉంటాయి. మోటారు కాలు ట్రాన్సమ్‌కు దగ్గరగా ఉంటే ముక్కు దిగుతుంది, దూరంగా ఉంటే ముక్కు లేస్తుంది. ఎత్తు, బరువు సర్దిన తరువాత ఒక్కో రంధ్రం మార్చి చూడండి. ముక్కు గుర్రంలా ఎగిరెగిరి పడుతుంటే ఒక రంధ్రం ట్రాన్సమ్‌కు దగ్గరగా తీసుకురండి. పరీక్ష చేసేటప్పుడు మనిషి పడితే మోటారును ఆపే కిల్ స్విచ్ తాడు చేతికి కట్టుకోవడం మరవకండి, పూర్తి వేగంలో మలుపు తిప్పినప్పుడు మనిషి ఎగిరిపడటం నేను చూశాను.

జాలారిపేట_ఫైబర్
పది రోజులు పట్టింది. చేసినవన్నీ వివరంగా రాస్తున్నాను, ఇదే కష్టంలో ఉన్నవారికి పనికొస్తుందని.

మొదట బరువు. ఒక పెట్రోలు ట్యాంకును కొత్త గొట్టంతో, నీటి ఫిల్టరుతో ముందుకు మార్చాను. ఐసు పెట్టెలను రెండడుగులు ముందుకు జరిపాను. గాలాలు సర్దే మనిషి మధ్యలో కూర్చుంటున్నాడు. ఇంతవరకే చేసి చూస్తే రెండు వైపులా సగటు 11.9.

తరువాత ఎత్తు. మూడున్నర అంగుళాలు ఎత్తి, నాలుగు ఆరుపారు బోల్టులు, స్టీలు పలకలు, గొలుసు వేయించాను. అదే 13 పిచ్ ప్రొపెల్లర్‌తో ఆర్‌పీఎం ఖాళీగా 5000కు చేరింది, సగటు 12.6. మోటారు శబ్దమే మారింది. చేతిపిడి వణుకు కూడా తగ్గింది.

ఆ పైన ప్రొపెల్లర్లు. మేస్త్రి గారి 11తో ఖాళీగా 5450 ఆర్‌పీఎం, 13.6 నాట్లు. నింపిన బోటుతో 4900, 10.3 నాట్లు. భీమిలి_గాలం గారి 10తో ఖాళీగా 5750, 13.3 నాట్లు. నింపిన బోటుతో 5250, 11.2 నాట్లు. ఇవన్నీ రెండు దిక్కుల సగటులే.

ఖాళీగా వెళ్లేటప్పుడు 11 కొంచెం మెరుగు. కానీ నేను బతికేది నింపిన బోటు మీద. హార్బర్_లెక్కలు గారు అన్నట్టు 10 పిచ్‌దే కొనుక్కుంటున్నాను. నిన్న తెల్లవారుజామున పది బుట్టల సూరతో వస్తూ కూడా వేలానికి ముందే చేరాము. మా ఆవిడకు కూడా చెప్పాను.

ఔట్‌బోర్డ్_మేస్త్రి
నింపిన బోటు మీద 10 పిచ్ మెరుగని లెక్కలతో చూపించారు, ఒప్పుకుంటున్నాను. ఖాళీగా 5750 కూడా పరిమితి లోపలే ఉంది. ఇంతకంటే బరువైన బోట్లు ఉన్నవారు గుర్తుంచుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. బరువు లాగడానికే తయారైన హై థ్రస్ట్ మోటార్లు వస్తాయి. యమహా 9.9 హై థ్రస్ట్‌లో గేరు నిష్పత్తి 2.92, ప్రొపెల్లర్ వ్యాసం కూడా పెద్దది. నీటిని చీల్చుకుంటూ పోయే పెద్ద బోటుకు అలాంటిదే సరైనది, హెచ్‌పీ పెంచుకుంటూ పోవడం కాదు. తమ్ముడూ, మొదటి యాభై గంటల తరువాత బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించు. ప్రొపెల్లర్ విప్పినప్పుడల్లా షాఫ్టు చుట్టూ గాలం తీగ చుట్టుకుందేమో చూడు. ఆ తీగ సీలును కోస్తే గేరు పెట్టెలోకి నీరు వెళ్తుంది.

హార్బర్_లెక్కలు
పెట్రోలు ఎంత పోతోందో కూడా కొలిచారా?

జాలారిపేట_ఫైబర్
పూర్తి యాక్సిలరేటర్‌తో గంటకు దాదాపు 10 లీటర్లు. 4500 ఆర్‌పీఎంకు తగ్గించి నడిపితే 6.5 లీటర్లు. వెళ్లేటప్పుడు తగ్గించే నడుపుతున్నాము, తొందర వచ్చేటప్పుడే కదా. 13 పిచ్ కొత్త ప్రొపెల్లర్ నా దగ్గర మిగిలిపోయింది. కొన్ని వారాలే వాడినది, రెక్కలకు గీత కూడా లేదు. తేలికపాటి బోటు ఉన్నవారికి ఇస్తాను.

రుషికొండ_రైడ్
మా 16 అడుగుల బోటుకు అదే తరగతి మోటారు ఉంది. 11 పిచ్‌తో ఇద్దరు ప్రయాణికులు ఎక్కినా 6100 తిరుగుతోంది, పరిమితి దాటుతోంది. శనివారం ఉదయం పెద జాలారిపేటకు వస్తాను, టాకోమీటరు కూడా తెస్తాను.